యాంజియోగ్రామ్‌కి ముందు ట్రెడ్‌మిల్లా, సీటీయా?

"టీఎంటీ పాజిటివ్ వచ్చింది, యాంజియో చేయించుకోమంటున్నారు. సీటీతో సరిపోదా?" మా అక్క సంగతి తెలిసిన చుట్టాలంతా ఫోన్ చేసి అడిగేది ఇదే. టీఎంటీ అంటే ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ తీసే ఈసీజీ. సీటీ అంటే డై ఎక్కించి గుండె నాళాల బొమ్మ తీసే స్కాన్. యాంజియో అంటే సన్నటి గొట్టాన్ని గుండె నాళాల దాకా పంపి చూడటం. నేను డాక్టర్ని కాదు. అక్క కోసం నాలుగు రోజులు కూర్చుని చదివినవాణ్ణి, అంతే.

ముందే ఒక మాట. కూర్చున్నచోటే గుండెనొప్పి, చెమటలు, ఈసీజీలో మార్పు, ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగేది) ఎక్కువ అంటే ఈ బేరీజు మీకు పనికిరాదు. ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే, యాంజియో అంటే సరేననాల్సిందే. మెట్లెక్కితే ఛాతీ పట్టేసి, ఆగితే సర్దుకునే నొప్పి, లేదా చెకప్‌లో బయటపడ్డ అనుమానం ఉన్నవాళ్ల కోసమే ఇది రాస్తున్నా.

టీఎంటీ చవక, చిన్న ఊళ్లలోనూ దొరుకుతుంది, సూది పోటు లేదు. మూడేసి నిమిషాలకి వేగమూ ఎత్తూ పెంచుతూ నడిపిస్తారు. ఎన్ని నిమిషాలు తట్టుకున్నారన్నదే పెద్ద సమాచారం. పడుకోబెట్టి తీసే సీటీ ఆ సంగతి చెప్పలేదు. కానీ రక్తప్రవాహం బాగా తగ్గితేనే, అంటే దాదాపు 70 శాతం మూసుకుంటేనే టీఎంటీ పట్టుకుంటుంది. అదీ ప్రతిసారీ కాదు. ఆడవాళ్లలో అయితే అడ్డేమీ లేకపోయినా ఈసీజీ గీత కిందికి దిగడం మామూలే. మా అక్కకి 52 ఏళ్లు. ఏడు నిమిషాలు నడిచింది, నొప్పి రాలేదు, కాగితం మీద మాత్రం పాజిటివ్. మర్నాడే అడ్మిట్ అవ్వమన్నారు.

నా దృష్టిలో తేల్చేది ఒక్కటే: పరీక్ష "ఏమీ లేదు" అంటే ఆ మాటని ఎంత నమ్మొచ్చు? ఇక్కడ సీటీకి సాటి లేదు. సీటీలో నాళాలు శుభ్రంగా కనిపిస్తే పెద్ద అడ్డు ఉండే అవకాశం దాదాపు లేనట్టే. యూరప్‌లో 3,561 మందితో జరిగిన "డిశ్చార్జ్" అనే అధ్యయనం 2022లో వెలువడింది. నిలకడగా ఉన్న ఛాతీనొప్పి వాళ్లలో సగంమందికి ముందు సీటీ, సగంమందికి నేరుగా యాంజియో చేశారు. మూడున్నరేళ్లలో గుండెపోటు, పక్షవాతం లాంటివి సీటీ వాళ్లలో 2.1 శాతం, యాంజియో వాళ్లలో 3.0 శాతం. ఆ తేడాని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. పరీక్షల వల్ల, ఆ తర్వాతి చికిత్సల వల్ల వచ్చిన పెద్ద ఇబ్బందులు మాత్రం సీటీ వాళ్లలో 0.5 శాతం, యాంజియో వాళ్లలో 1.9 శాతం. యాంజియో మణికట్టు నుంచే చేస్తారు కదా, భయమేముంది అంటారు. నిజమే, భయం తక్కువే. అవసరం లేనప్పుడు ఆ తక్కువ మాత్రం ఎందుకు?

ఇంకొకటి. టీఎంటీకి అందని చిన్న కొవ్వు పేరుకుపోవడం సీటీలో కనిపిస్తుంది. స్కాట్లండ్‌లో 4,146 మందితో చేసిన స్కాట్-హార్ట్ అధ్యయనంలో మామూలు వైద్యానికి సీటీ జతచేసిన గుంపులో ఐదేళ్లకి గుండెపోటు, గుండెజబ్బు మరణాలు కలిపి 2.3 శాతం, మామూలు వైద్యమే అందిన గుంపులో 3.9. స్టెంట్లు ఎక్కువ వేసినందుకు కాదు, మాత్రలు సరైనవాళ్లకి మొదలుపెట్టినందుకే అంటారు.

అక్కకి సీటీ రోజున నాడి 84. బొమ్మ చెదరకుండా ఉండాలని మాత్ర ఇచ్చి, అరవైకి దిగేదాకా గంటన్నర కూర్చోబెట్టారు. ఆత్రం ఉన్నవాళ్లకి ఇదే అసలు పరీక్ష. రిపోర్టులో ఒక నాళంలో 30 శాతం అడ్డు, మిగతావి శుభ్రం. యాంజియో అక్కర్లేదన్నారు, స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర) రాశారు.

సీటీ అందరికీ కాదు. క్రియాటినిన్ ఎక్కువుంటే, అంటే కిడ్నీలు సరిగ్గా పనిచేయకపోతే, డై ఇబ్బంది. నాళాల్లో సున్నం బాగా పేరుకుంటే ఉన్నదానికన్నా అడ్డు పెద్దదిగా కనిపిస్తుంది. గుండె లయ తప్పి కొట్టుకుంటుంటే బొమ్మ చెదిరిపోవచ్చు. యాభై, అరవై శాతం అని వస్తే అది నిజంగా రక్తాన్ని ఆపుతోందా లేదా తేల్చడానికి మళ్లీ స్ట్రెస్ పరీక్షే (గుండెకి శ్రమ పెట్టి చూసేది) కావాలి.

మోకాళ్లు సహకరించనివాళ్లకి మందుతో గుండెకి శ్రమ పెట్టి చేసే స్ట్రెస్ ఎకో (అల్ట్రాసౌండ్), లేదా రేడియోధార్మిక మందు ఎక్కించి తీసే థాలియం స్కాన్ (పేరు అదే మిగిలింది, ఇప్పుడు ఎక్కువగా వాడేది టెక్నీషియం). ఎమ్మారై మంచిదే, పెద్ద ఊళ్లలోనే దొరుకుతుంది.

అక్క రిపోర్టు చూసి బావ "నాకూ సీటీ రాయించు" అన్నాడు. ఆయనకి ఇప్పటికే రెండు సన్నటి స్టెంట్లున్నాయి, వాటి లోపల సీటీకి సరిగ్గా కనబడదట. డాక్టరు స్ట్రెస్ ఎకో రాశారు. వచ్చే మంగళవారం.