కలవడం ముచ్చటే, తెగడం దగ్గరే గొడవ: ఇంట్లో ఆన్-డిమాండ్ డయలప్

మా ఇంట్లో నెట్ డయలప్, అంటే ఫోన్ లైన్ మీదే మోడెమ్‌తో డయల్ చేసి కలుపుకునేది. లినక్స్‌లో ఆ పని చేసే పీపీపీడీ అనే ప్రోగ్రామ్‌కి డిమాండ్ ఆప్షన్ (అవసరమైనప్పుడే డయల్ చెయ్యమని) పెట్టి చాలాకాలంగా వాడుతున్నాను. బ్రౌజర్‌లో అడ్రస్ కొట్టగానే మోడెమ్ తనంతట తానే డయల్ చేసి కీచుమంటూ కలిసిపోతుంటే ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది. నన్ను కేకెయ్యకుండానే అమ్మ మెయిల్ చూసుకుంటోంది, అంతకంటే ఏం కావాలి. కలిసేదాకా అర నిమిషం ఆగాలి, అంతే.

తెగడం సంగతే వేరు. ఐడిల్ 300 అని పెట్టుకున్నాను, అంటే ఐదు నిమిషాలు ఏ డేటా కదలకపోతే లైన్ వదిలెయ్యాలి. మొదట్లో అలాగే వదిలేది. 2003 ఆగస్టులో బ్లాస్టర్, దాని వెనకే వెల్చియా వార్మ్‌లు (నెట్‌లో తమంతట తామే పాకే వైరస్‌లాంటివి) వచ్చాక మాత్రం ఒకసారి కలిస్తే ఇక తెగడం మానేసింది. నాన్న బయటినుంచి ఎప్పుడు ఫోన్ చేసినా ఎంగేజే, ఇంటికొచ్చాక ఆ కోపమంతా నామీద, ఆపైన ఫోన్ బిల్లు. మోడెమ్ చెడిందేమో అనుకున్నాం గానీ దానికేం కాలేదు. పీపీపీ0 (డయలప్ కనెక్షన్‌కి లినక్స్‌లో పేరు) మీద, వచ్చేపోయే డేటాని చూపించే టీసీపీడంప్ పెట్టి చూస్తే మేమెవరం సిస్టమ్ ముట్టుకోకపోయినా ఎక్కడెక్కడినుంచో పింగ్‌లు (ఉన్నావా అని అడిగే పలకరింపులు), విండోస్ వాడే 135 నంబరు పోర్టుకి కనెక్షన్లు వరసపెట్టి వచ్చి పడుతున్నాయి. అవి విండోస్ కోసం వెతుక్కునే వార్మ్‌లు, నా లినక్స్‌ని ఏమీ చెయ్యలేవు. కానీ పీపీపీడీకి ఏ ప్యాకెట్ (డేటా ముక్క) అయినా ప్యాకెట్టే, ఒకటి రాగానే ఐదు నిమిషాల లెక్క మళ్లీ మొదటికొస్తుంది!

దీనికి మందు పీపీపీడీలోని యాక్టివ్-ఫిల్టర్ ఆప్షన్, ఏ ప్యాకెట్లని లెక్కపెట్టాలో చెప్పేది. అందులో ఔట్‌బౌండ్ అని రాస్తే బయటికి వెళ్లే ప్యాకెట్లనే లెక్కలోకి తీసుకుంటుంది. అది పనిచెయ్యాలంటే కెర్నల్‌లోనూ (లినక్స్ గుండెకాయ) పీపీపీడీలోనూ ఫిల్టర్ సదుపాయం కంపైల్ అయి ఉండాలి, నా డిస్ట్రోలో (నేను వేసుకున్న లినక్స్ రకంలో) లేదు, రెండూ మళ్లీ కంపైల్ చేసుకోవాల్సి వచ్చింది. అప్పటికీ తెగలేదు. వచ్చిన ప్రతి పింగ్‌కీ నా మెషీన్ మర్యాదగా జవాబిస్తోంది మరి, ఆ జవాబు బయటికి వెళ్లేదే కదా. ఐపీటేబుల్స్‌లో, అంటే లినక్స్ ఫైర్‌వాల్‌లో, ఆ పింగ్‌లనీ 135కి వచ్చేవాటినీ జవాబివ్వకుండా డ్రాప్ చేశాకగానీ లైన్ ఖాళీ కాలేదు.

ఇంకొకటి, పైన ముచ్చట అన్నాను గానీ ప్రతిసారీ కాదు. డయల్ చేసినప్పుడల్లా ఐపీ అడ్రస్ మారుతుంది కాబట్టి పాత అడ్రస్‌తో బయల్దేరిన మొదటి కనెక్షన్ ఒక్కోసారి అలా వేలాడిపోతుంది, రీలోడ్ కొట్టాలి. అడ్రస్ మారితే సర్దుకునే ఐపీ_డైనాడర్ అనే కెర్నల్ సెట్టింగ్ ఆన్ చేశాక చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు.

మాకు ఒకటే లైన్, మెయిల్ చూసేవాళ్లు ముగ్గురం, కాబట్టి నేనైతే ఈ డిమాండ్ ఏర్పాటు తీసెయ్యను. ఇంట్లో ఇలాంటివి సరిచేసేవాళ్లు లేకపోతే గానీ, రాత్రంతా డౌన్‌లోడ్‌లు పెట్టుకునే అలవాటుంటే గానీ చేత్తో డయల్ చేసుకోవడమే నయం. లోపల బిగించే విన్‌మోడెమ్ (చాలా పని విండోస్ డ్రైవర్ మీదే వదిలే మోడెమ్) ఉన్నవాళ్లు మాత్రం అది లినక్స్‌లో అసలు పలుకుతుందో లేదో ముందు చూసుకోండి.