రైలు గేముల ‘లైఫ్‌టైమ్ అకౌంట్’ అమ్ముతున్నవాళ్లతో జాగ్రత్త

నల్గొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ వైపు గేమింగ్ గ్రూపుల్లో కొంతకాలంగా ఒక పోస్టర్ తిరుగుతోంది. ‘ట్రాన్స్‌పోర్ట్ గేమ్స్ కాంబో, లైఫ్‌టైమ్ యాక్సెస్, 349 మాత్రమే, ఏ ల్యాప్‌టాప్‌లోనైనా నడుస్తుంది’ అని. పైన ట్రాన్స్‌పోర్ట్ ఫీవర్ 2 బొమ్మ, పక్కన సిటీస్ స్కైలైన్స్, కింద ఓపెన్‌టీటీడీ. మూడూ రైళ్లు, బస్సులు నడపడం, ఊళ్లు కట్టడం లాంటి కంప్యూటర్ గేములు. దయచేసి కొనకండి. మా తమ్ముడూ నేనూ కొన్నాం. పోయింది 349 రూపాయలే అయితే ఇంత పొడుగు పోస్ట్ రాసేవాణ్ని కాదు.

ముందు వాళ్లు అమ్మేది ఏమిటో చెప్తాను. డబ్బు పంపాక మనకు గేమ్ రాదు, గేమ్‌ను మన పేరుమీదికి తెచ్చే కోడ్, అంటే కీ కూడా రాదు. కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ షాపు స్టీమ్ ఉంది కదా, అందులో ఎవరిదో ఒక అకౌంట్ యూజర్ నేమ్, పాస్‌వర్డ్ వస్తాయి. లాగిన్ అయ్యేటప్పుడు కోడ్ అడిగితే వాళ్లే వాట్సాప్‌లో పంపుతారు. గేమ్ డౌన్‌లోడ్ అయ్యాక వచ్చే మెసేజ్ ఇది: ‘అన్నా, ఇప్పుడు ఆఫ్‌లైన్ మోడ్‌లో పెట్టండి. మళ్లీ ఆన్‌లైన్‌కి అస్సలు రావద్దు. వస్తే మా బాధ్యత లేదు.’ అదే అకౌంట్‌ను ఇంకా ఎంతమందికి అమ్మారో మనకు తెలిసే దారి లేదు. అందరూ ఆఫ్‌లైన్‌లో ఉన్నంతసేపు ఒకరికొకరు అడ్డురారు, వాళ్ల వ్యాపారం నడుస్తుంది. అకౌంట్లను ఇలా అమ్మడం, పంచుకోవడం స్టీమ్ నిబంధనలకే విరుద్ధం కాబట్టి ఆ అకౌంట్ ఎప్పుడైనా మూతపడొచ్చు. లైఫ్‌టైమ్ అన్న మాటకు అక్కడ ఏ అర్థమూ లేదు.

ఆ కాంబోలో ఓపెన్‌టీటీడీని కూడా కలిపి లెక్క చూపిస్తున్నారు, అది మరీ అన్యాయం. అది ఉచితం. ఓపెన్ సోర్స్ గేమ్. దాని అధికారిక వెబ్‌సైట్‌కి వెళ్తే ఎవరైనా పైసా కట్టకుండా దించుకోవచ్చు. 1994లో క్రిస్ సాయర్ చేసిన ట్రాన్స్‌పోర్ట్ టైకూన్ ఉంది కదా, ఆ మరుసటి ఏడాది దానికి డీలక్స్ వెర్షన్ వచ్చింది. 2004 నుంచి ప్రపంచం నలుమూలల ప్రోగ్రామర్లు దాన్నే కొత్తగా రాసుకుంటూ, పెంచుకుంటూ వస్తున్నారు. అదే ఓపెన్‌టీటీడీ. సాయర్ ఆ పాత గేమ్‌ను దాదాపు మొత్తం అసెంబ్లీ భాషలో రాశాడు. అప్పటి నాసిరకం కంప్యూటర్లలో కూడా వందల బండ్లు ఆగకుండా తిరిగేవంటే కారణం అదే. ఇప్పుడు కూడా ఇంట్లో మూలన పడేసిన పాత ల్యాప్‌టాప్‌లో ఓపెన్‌టీటీడీ హాయిగా నడుస్తుంది. ట్రాన్స్‌పోర్ట్ ఫీవర్ 2 అలా కాదు, మంచి గ్రాఫిక్స్ కార్డ్ కావాలి. ‘ఏ ల్యాప్‌టాప్‌లోనైనా’ అన్న మాట ఒక గేమ్‌కి నిజం, రెండోదానికి అబద్ధం.

ఈ గేములు ఆడనివాళ్లకు, పోతే పోయింది, ఒక గేమే కదా అనిపించవచ్చు. ఆడేవాళ్లకు తెలుసు. ఇందులో శత్రువు లేడు, తుపాకీ లేదు. ఒక చోట బొగ్గు గని, ఇంకో చోట కరెంటు ప్లాంటు, చేతిలో అప్పు తెచ్చిన డబ్బు, అంతే. ఆ రెండింటినీ కలపాలి. ఓపెన్‌టీటీడీలో సరుకు ఎంత దూరం తీసుకెళ్లాం, ఎన్ని రోజుల్లో చేర్చాం అన్నదాన్ని బట్టి కిరాయి వస్తుంది. ఆలస్యమైతే తగ్గుతుంది. స్టేషన్‌లో బండి ఎప్పుడూ లోడింగ్‌కి నిలబడి ఉంటే స్టేషన్ రేటింగ్ పెరుగుతుంది, రేటింగ్ పెరిగితే గని ఎక్కువ బొగ్గు ఇస్తుంది. ఎక్కువ బొగ్గుకు ఇంకో బండి, ఇంకో బండికి ఇంకో లైను. ఒకటి సర్దితే ఇంకోటి బయటపడుతుంది. రాత్రి భోజనానికి పిలిస్తే ‘ఈ ఒక్క సిగ్నల్ పెట్టి వస్తా’ అనే మాట ఆడేవాళ్లందరి ఇళ్లలో వినపడేదే.

మన జిల్లాలవాళ్లకు ఇది ఇంకా దగ్గరగా తగులుతుందని నా నమ్మకం. బీబీనగర్ నుంచి నడికుడి వైపు వెళ్లే లైనులో ప్రయాణం చేసినవాళ్లందరికీ ‘క్రాసింగ్ పడింది’ అన్న మాట తెలుసు. సింగిల్ లైను కావడంతో ఎదుటి బండి వచ్చి దాటిపోయేదాకా మన బండి ఏదో చిన్న స్టేషన్‌లో పక్క లైనులో నిలబడేది. చిన్నప్పుడు కిటికీ పక్కన కూర్చుని విసుక్కున్న ఆ ఆగుడు ఎందుకో ఈ గేమ్ ఆడాకే నాకు సరిగ్గా అర్థమైంది. సింగిల్ లైను మీద రెండు బండ్లు వదిలి, మధ్యలో లూప్ లైను, అంటే బండి పక్కకు తప్పుకునే లైను వేసి, అటూ ఇటూ సిగ్నల్ పెడతాం. అంతా బాగుందనుకుంటాం. కాసేపటికి మొత్తం ఆగిపోతుంది. చూస్తే గూడ్సు పొడవు లూప్ కంటే రెండు వ్యాగన్లు ఎక్కువ. ఇంజన్ ముందు సిగ్నల్ దగ్గర ఆగింది, తోక మెయిన్ లైను మీదే మిగిలింది. ఎదుటి బండికి దారి లేదు, వెనక బండికీ లేదు. లూప్‌ను రెండు గడులు పొడిగిస్తే అన్నీ కదులుతాయి. ఆ కదలిక చూడ్డంలో ఉన్న తృప్తి నాకు వేరే ఏ గేమ్‌లోనూ దొరకలేదు.

దామరచర్ల దగ్గర కట్టిన 4000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ ప్లాంటు చూసినప్పుడల్లా మా తమ్ముడు అనేది ఒకటే మాట, బొగ్గు లైను ఎటు నుంచి వేశారు అని. నారాయణపేట మిత్రుడు ఒకడున్నాడు. వాళ్ల పట్టణంలో రైల్వే స్టేషన్ లేదు. పనుల కోసం ముంబై, పుణె బస్సులెక్కి పోయేవాళ్లను చూస్తూ పెరిగాడు. కొత్త మ్యాప్ తెరిస్తే వాడు మొదట చేసే పని, మూలన ఉన్న చిన్న ఊరికి ప్యాసింజర్ రైలు వేయడం. లాభం రాదని తెలిసీ వేస్తాడు.

ఇక మేం పోగొట్టుకున్నది. ట్రాన్స్‌పోర్ట్ ఫీవర్ 2లో సొంత మ్యాప్ చేసుకునే వీలుంది. ఎత్తుపల్లాలను నలుపు తెలుపు బొమ్మగా ఇస్తే, తెల్లగా ఉన్నచోట గుట్ట, నల్లగా ఉన్నచోట పల్లం వస్తుంది. మా తమ్ముడు అలా మన ప్రాంతం చేశాడు. కింద కృష్ణ, వాయవ్యం నుంచి మూసీ, రెండూ వాడపల్లి దగ్గర కలిసేలా. నల్గొండ, మిర్యాలగూడ, హాలియా, దేవరకొండ, హుజూర్‌నగర్, అన్నీ తెలుగు పేర్లతో సరైన చోట్ల పెట్టాడు. ఆ గేమ్‌లో పొలం నుంచి ధాన్యం ఫుడ్ ప్లాంటుకు, అక్కడి నుంచి ఊళ్లకు పోతుంది కాబట్టి ఫుడ్ ప్లాంటు మిర్యాలగూడలో పెట్టాం, రైసు మిల్లుల ఊరు కదా. రాయి క్వారీ, ఇటుక సిమెంటు సామాను చేసే ప్లాంటు వాడపల్లి వైపు. 1850లో ఆవిరి ఇంజన్లతో మొదలుపెట్టి, బండ్లు మారుస్తూ, లైన్లు డబుల్ చేస్తూ డీజిల్ రోజుల దాకా తెచ్చాం. అమ్మ కూడా పక్కన కూర్చుని మా అమ్మమ్మగారి ఊరు ఎక్కడ పెట్టారని అడిగి పెట్టించుకుంది.

ఒకరోజు విండోస్ అప్‌డేట్ అయ్యాక స్టీమ్ మళ్లీ లాగిన్ అడిగింది. అమ్మినవాళ్లకు మెసేజ్ పెడితే కోడ్ పంపారు, ఒక్క నిమిషం ఆన్‌లైన్‌కి వచ్చి మళ్లీ ఆఫ్‌లైన్ పెట్టమన్నారు. ఆ ఒక్క నిమిషంలోనే జరగాల్సింది జరిగింది. స్టీమ్ చాలా గేముల సేవ్ ఫైళ్లను, అంటే మనం ఆడినంతవరకు దాచుకున్న ఫైళ్లను, క్లౌడ్‌లో (తన సర్వర్లలో) దాస్తుంది, ఆ క్లౌడ్ అకౌంట్‌కి ఒక్కటే. గేమ్ తెరిస్తే లోడ్ లిస్టులో మా నల్గొండ మ్యాప్ లేదు. ఎవరివో వేరే సేవ్‌లు ఉన్నాయి. అవతల ఇంకెవరో ఇలాగే కొన్నవాళ్లవి. రెండు రోజులకు పాస్‌వర్డ్ కూడా మారిపోయింది.

అడిగితే వచ్చిన జవాబులు మీకూ వస్తాయి కాబట్టి వరుసగా చెప్తున్నాను. మొదట ‘సర్వర్ ప్రాబ్లం, రేపు చూద్దాం’. తర్వాత ‘ప్రీమియం ప్లాన్‌కి మారండి, ఇంకో 500’. దానికి ఒప్పుకోకపోతే ఒక ఫైల్ పంపి, ‘ఇది క్రాక్ వెర్షన్, యాంటీవైరస్ ఆఫ్ చేసి ఇన్‌స్టాల్ చేసుకోండి’ అన్నారు. మేం చేయలేదు. చివరకు ల్యాప్‌టాప్ స్క్రీన్ దూరం నుంచి నడిపే యాప్ వేసుకోమని, తామే సరిచేస్తామని. అక్కడ మాట్లాడటం ఆపేశాం. దయచేసి మీరూ అక్కడిదాకా పోవద్దు. యాంటీవైరస్ ఆఫ్ చేయమన్నవాడు, రిమోట్ యాప్ వేయమన్నవాడు గేమ్ గురించి మాట్లాడటం లేదు, మీ బ్రౌజర్‌లో సేవ్ అయి ఉన్న పాస్‌వర్డులు, బ్యాంకు లాగిన్‌ల మీదే కన్ను. ఎక్కువగా కొంటున్నది ఇంటర్, డిగ్రీ పిల్లలు. వాళ్లు వాడే ల్యాప్‌టాప్‌లో నాన్న బ్యాంకు పని కూడా జరుగుతుంటుంది. నాకు అసలు భయం అదే.

ఇప్పటికే డబ్బు కట్టినవాళ్లు, ముఖ్యంగా రిమోట్ యాప్ వేసుకున్నవాళ్లు, మొహమాటపడకుండా 1930కి ఫోన్ చేయండి. అది సైబర్ మోసాల జాతీయ హెల్ప్‌లైన్. ఎంత తొందరగా చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. ప్రభుత్వ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు పెట్టొచ్చు. చాట్ స్క్రీన్‌షాట్లు, యూపీఐ లావాదేవీ నంబర్ దాచిపెట్టుకోండి, చాట్ డిలీట్ చేయకండి. పేరున్న షాపుల్లో, బిల్లుతో కొన్నది తేడా వస్తే 1915, వినియోగదారుల హెల్ప్‌లైన్. రిమోట్ యాప్ తీసేశాక వేరే ఫోన్ నుంచి మెయిల్, బ్యాంకు పాస్‌వర్డులు మార్చండి. మాదేమో చిన్న మొత్తం, అయినా ఫిర్యాదు పెట్టాం. చిన్న మొత్తాలే కదా అని ఎవరూ అడగకపోవడమే వాళ్లకు కలిసొస్తోంది.

సరైన దారి కష్టమేమీ కాదు. డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే ఓపెన్‌టీటీడీ చాలు, నిజంగా చాలు. కొత్త రైళ్లు, కొత్త మ్యాపులు గేమ్ లోపలి నుంచే ఉచితంగా దించుకోవచ్చు. ఎత్తుపల్లాల బొమ్మ ఇచ్చి సొంత మ్యాప్ చేసుకునే వీలు అందులో కూడా ఉంది. సిముట్రాన్స్ అని ఇంకోటి ఉంది, అదీ ఉచితమే. నేర్చుకోవడం మొదట్లో కొంచెం కష్టంగా ఉంటుంది, ట్రాక్ వేయడం, డిపో పెట్టడం, ఆర్డర్లు ఇవ్వడం అన్నీ చిన్న చిన్న బొమ్మల మీద నొక్కాలి. ఒక సాయంత్రం ఓపిక పడితే చేతికి వచ్చేస్తుంది.

ట్రాన్స్‌పోర్ట్ ఫీవర్ 2 లాంటిదే కావాలంటే సొంత స్టీమ్ అకౌంట్ తెరిచి కొనండి. ధర రూపాయల్లోనే ఉంటుంది, యూపీఐతో కట్టొచ్చు. ఎండాకాలం, చలికాలం సేల్‌లలో ధర బాగా తగ్గుతుంది. విష్‌లిస్ట్‌లో పెట్టుకుంటే తగ్గినప్పుడు మెయిల్ వస్తుంది. కొన్నాక మీ ల్యాప్‌టాప్‌లో లాగకపోతే 14 రోజుల్లోపు, ఆడింది రెండు గంటలు దాటకుండా ఉంటే రీఫండ్ అడగొచ్చు. ఈ గేముల్లో రెండు గంటలు మొదటి లైను వేసేలోపే అయిపోతాయి, అందుకని ముందు పెద్ద మ్యాప్ తెరిచి ల్యాప్‌టాప్ తట్టుకుంటుందో లేదో చూసుకోండి. సొంత అకౌంట్ ఉంటేనే స్టీమ్‌లోని వర్క్‌షాప్ అనే విభాగంలో జనం చేసి పెట్టిన రైళ్లు, స్టేషన్లు కూడా వస్తాయి. ఆఫ్‌లైన్ అకౌంట్‌లో అవేవీ ఉండవు.

ఫోన్‌లో ‘టైకూన్’ పేరుతో వచ్చేవాటి గురించి ఒక్క మాట. చాలావాటిలో ట్రాక్ వేయడం ఉండదు, సిగ్నల్ ఉండదు. బొమ్మ మీద నొక్కడం, యాడ్ చూడటం, డైమండ్లు కొనడం, అంతే. పిల్లల చేతిలో కార్డు సేవ్ అయిన ఫోన్ ఉంటే చూసుకోండి.

ఇలాంటి అరువు అకౌంట్ మీ దగ్గర ఇప్పటికీ నడుస్తుంటే, ఈ రోజే ఒక పని చేయండి. ఆన్‌లైన్‌కి వెళ్లకముందే, స్టీమ్ ఫోల్డర్‌లో ‘యూజర్‌డేటా’ అనే ఫోల్డర్ ఉంటుంది, దాన్ని మొత్తంగా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. ట్రాన్స్‌పోర్ట్ ఫీవర్ 2 సేవ్‌లు అందులో ఉంటాయి. రేపు సొంతంగా గేమ్ కొన్నప్పుడు ఆ ఫైళ్లను మీ అకౌంట్ ఫోల్డర్‌లో పెట్టుకుని ఆడుకోవచ్చు. మేం కాపీ పెట్టుకునేలోపే పోయాయి. మీవైనా దక్కాలి.