ఇంట్లో కట్టుకునే ప్లేట్ రోలింగ్ మెషిన్: డ్రాయింగుల సెట్ మీద నా రివ్యూ

నేను కొన్నది చదును ప్లేటును గుండ్రంగా చుట్టే ఈ మెషిన్ కాదు, దాన్ని సొంతంగా కట్టుకోవడానికి ఇచ్చే డ్రాయింగులు. మూడు రోలర్ల పిరమిడ్ పద్ధతి. కింద రెండు తిరుగుతూ ప్లేటును లాగుతాయి, పైది స్క్రూలతో దిగి వంచుతుంది. 600 మి.మీ. వెడల్పులో 3 మి.మీ. మైల్డ్ స్టీల్ వరకు చుట్టొచ్చని అట్ట మీద రాశారు. చుట్టొచ్చు. కాకపోతే ఆ మాట నిలబడాలంటే డ్రాయింగులో రెండు చోట్ల పెన్ను పెట్టాలి.

మొదటిది రోలర్లు. 60 మి.మీ. గట్టి (లోపల బోలు లేని) షాఫ్ట్ గీసి, పక్కనే 'లేదా 5 మి.మీ. మందం పైపు' అని ఓ మాట తగిలించారు. పైపు బరువు షాఫ్ట్ బరువులో మూడో వంతు కూడా ఉండదు కాబట్టి మనసు అటే లాగుతుంది. కానీ వంగకుండా నిలిచే సత్తా సగానికి పడిపోతుంది. ఇందులో కింది రోలర్ల మధ్య దూరం 150 మి.మీ. నిండు వెడల్పు 3 మి.మీ. ప్లేట్ వంగాలంటే పై రోలర్ మీద సుమారు 900 కిలోల బరువంత ఒత్తిడి పడుతుంది. దానికి గట్టి షాఫ్ట్ నడుమ 0.2 మి.మీ. పైకి వంగితే, పైపు 0.4 దాకా వంగుతుంది. ఇంత చిన్న అంకెకు అంత గోల దేనికంటే, ఆ మేరకు ప్లేటుకు మధ్యలో వంపు తగ్గి, చుట్టిన డబ్బా పీపాలా నడుమ ఉబ్బుతుంది. పెద్ద వ్యాసాల్లో ఈ తేడా ఇంకా బాగా కనబడుతుంది.

ప్లేటు మందం 3 నుంచి 4కు పెంచితే కావలసిన బలం దాదాపు 1.8 రెట్లవుతుంది. రోలర్ వ్యాసం 60 నుంచి 75కు పెంచితే దాని గట్టిదనం 2.4 రెట్లు పెరుగుతుంది. మోటారుకు పెట్టే డబ్బు షాఫ్టుకు పెట్టమని నేననేది అందుకే. మోటారు పేజీలు నాకైతే అనవసరం. 300 మి.మీ. వ్యాసం ఒకే పాస్‌లో, అంటే ప్లేటును ఒక్కసారి రోలర్ల గుండా పంపి చుట్టినా, ఘర్షణ పక్కన పెడితే రోలర్లు తిప్పడానికి 70 న్యూటన్ మీటర్ల లోపు టార్కే (తిప్పే బలమే) కావాలి. తిప్పే బలాన్ని మూడింతలు చేసే చైన్ స్ప్రాకెట్ (పళ్ల చక్రం), పొడుగాటి హ్యాండిల్ ఉంటే చెయ్యి చాలు. పైగా మోటారు గీసినవాళ్లు ఆపే స్విచ్ గీయడం మరిచారు! తిరిగే రోలర్ల మధ్యకు గ్లవ్ అంచు వెళ్తే దాని వెనకే చెయ్యీ వెళ్తుంది. మోటారు పెట్టాలనుకుంటే ముందు కాలితో నొక్కే స్విచ్, ఎమర్జెన్సీ స్టాప్ పెట్టండి. పని చేసేటప్పుడు గ్లవ్స్ తీసేయండి.

రెండో మార్పు పై రోలర్ బేరింగులు. పోత ఇనుము పిల్లో బ్లాకులు (బేరింగును పట్టుకునే, బోల్టులతో బిగించే దిమ్మెలు) చూపించారు. ఇక్కడ లోడు వాటిని కిందికి నొక్కదు, పైకి లాగుతుంది. లాగుడుకు పోత ఇనుము ఓర్చుకోదు. స్టీలు దిమ్మెలో గన్‌మెటల్ (ఒక రకం కంచు) బుష్, గ్రీజు నిప్పుల్ పెట్టుకుంటే సరి, ఇంత నెమ్మదిగా తిరిగేదానికి అంతకంటే అక్కర్లేదు.

ఇక మెచ్చుకోవలసింది. పూర్తి గుండ్రంగా చుట్టాక డబ్బా పై రోలర్ చుట్టూ ఇరుక్కుంటుంది. సొంత డిజైన్లలో చాలామంది దీన్ని పట్టించుకోరు. వీళ్లు ఒక వైపు బేరింగును పిన్ను లాగితే పక్కకు వాలేలా గీశారు, ఆ వైపు నుంచి డబ్బా జారి బయటికి వచ్చేస్తుంది. అవతలి వైపు రోలర్‌కు తోక పొడిగించి, అది ఒరిగిపోకుండా పట్టుకునే కొక్కెం కూడా ఇచ్చారు. ఈ ఒక్క షీటుకే సెట్ కొనొచ్చు.

పై రోలర్‌ను దించే రెండు స్క్రూలు వేటికవే తిరుగుతాయి. సమంగా దించకపోతే డబ్బా శంకువవుతుంది. శంకువే కావాలనుకున్న రోజు అదే వరం. అందుకని చైనుతో శాశ్వతంగా కలపకుండా, రెండింటికీ గుర్తులు గీసిన చక్రాలు బిగించడం మేలు.

వాడే విధానం రాసిన పేజీ మాత్రం పేలవం. ప్లేటు పొడవు లెక్క సరిగ్గానే ఇచ్చారు: లోపలి వ్యాసానికి మందం కలిపి 3.1416తో గుణించాలి, అంటే 300 లోపలి వ్యాసానికి 952 మి.మీ. కానీ ఈ పద్ధతిలో రెండు చివర్లా దాదాపు 75 మి.మీ. చొప్పున వంగకుండా చదునుగా మిగిలిపోతుందన్న సంగతే లేదు. ముందుగా ఆ చివర్లను పైపు మీద సుత్తితో వంచుకోవాలి, లేదా పొడవు ఎక్కువ ఉంచి తర్వాత కోసేయాలి. వదిలేశాక ప్లేటు కొంత వెనక్కి విచ్చుకుంటుందనీ, అందుకే స్క్రూను కొద్దికొద్దిగా దించుతూ చాలా పాసుల్లో చుట్టాలనీ కూడా చెప్పలేదు.

వెల్డింగ్ ఒక్కటే వచ్చినవాళ్లకు ఇది కుదరదు. రోలర్ల చివర్లు, బుష్‌లు లేత్ మీద తిప్పాల్సినవే. లేత్ అందుబాటులో ఉంటే, అదే సెట్టింగులో కింది రోలర్ల ఒక కొసన 8, 10, 12 మి.మీ. గాళ్లు కూడా కోయించుకోండి. డ్రాయింగులో అవి లేవు గానీ, కడ్డీలు వంచడానికి పనికొస్తాయి.