ఫారిన్ ప్రాజెక్టు: పిల్లోళ్ళ ట్రిప్పా, టీచర్ ట్రైనింగా?

అనంతపురంలో సంగీతం చెప్పేవాళ్ళు నలుగురు కూర్చుంటే ఇదే గొడవప్పా, కాలేజీ ఇంటర్నేషనల్ డెవలప్‌మెంట్ ప్రాజెక్టులో (వేరే దేశంలో సంగీతం చదువుకు సాయం చేసే పని) చేరితే స్టూడెంట్లను రెండు వారాలు పంపాలా, అక్కడి టీచర్లకే ఏళ్ళ తరబడి నేర్పాలా అని. అసలు చేరేదెందుకంటే కచేరీ ఛాన్సులు అందరికీ రావు, పాఠం చెప్పడం వస్తే బతుకుతారు, కాలేజీకి పేరూ గ్రాంటూ అదనం.

ఖర్చు: ట్రిప్‌కి టికెట్లు, వీసాలు, వీణ లగేజీ అన్నీ ఒక్కసారే మీద పడతాయి. ట్రైనింగ్‌కి కొంచెం కొంచెం, యూరప్ వాళ్ళ ఎరాస్మస్ ప్లస్ లాంటి చదువుల గ్రాంటు దొరికితే సరే గానీ పేపర్ వర్క్ ప్రాణం తీస్తుంది.

శ్రమ: ట్రిప్‌కి నెల హడావుడి. ట్రైనింగ్‌కి ఓపికున్న మాస్టారు కావాల, అదే దొరకదు.

రిస్క్: ట్రిప్‌లో ఫొటోలే మిగలొచ్చు. ట్రైనింగ్ మధ్యలో ఫండ్ ఆగొచ్చు, ఇంకా ఘోరం కూడా జరగొచ్చు, కాబూల్లో 2010లో తెరిచిన సంగీత విద్యాలయం 2021లో తాలిబన్లు రాగానే మూతపడింది, కానీ పిల్లలూ టీచర్లూ పోర్చుగల్ చేరి మళ్ళీ మొదలుపెట్టినారు, ఎందుకంటే విద్య మనుషుల్లో ఉంది, బిల్డింగులో కాదు.

స్టూడెంట్లకు ధైర్యం, పరిచయాలు కావాలంటే ట్రిప్పే మేలు, అక్కడి స్టూడెంట్లని కూడా ఇక్కడికి పిలిచి మన ఉరుముల నృత్యం, చెక్కభజన నేర్పండి. అవతల స్కూలే నిలబడాలంటే మాత్రం ట్రైనింగే, కనీసం ఇద్దరు మాస్టార్లు ఒప్పుకున్నాకే సంతకం పెట్టండి.