జాగ్రత్త: వాట్సాప్‌లో "ఫాదర్స్ రైట్స్ ప్యాకేజీ" అమ్మే అన్నకి డబ్బులు పంపకండి, అమెరికాలో జార్జియా రాష్ట్రంలో ఉన్నవాళ్ళు మరీ ముఖ్యంగా

పేరు రాయను. రాస్తే నా మీద కేసు వేస్తానని నిన్న రాత్రి మెసేజ్ పెట్టాడు. కేసు వెయ్యడం ఈయనకి వచ్చని నాకు అప్పుడే తెలిసింది, ఆరు నెలల నుంచి నా కేసు వెయ్యడం మాత్రం రాలేదు. అట్లాంటా చుట్టుపక్కల కమ్మింగ్, ఆల్ఫరెటా, జాన్స్ క్రీక్, సువానీ, ఏ తెలుగు గ్రూపు తెరిచినా ఉంటాడు, పవర్ ఆఫ్ అటార్నీ, పేరెంట్స్ వీసా ఫారాలు, పాస్‌పోర్ట్ రెన్యువల్, అన్నీ చేసిపెడతాడు, అందరికీ అన్నే. మీకు అర్థమయ్యే ఉంటుంది.

నా సంగతి త్వరగా చెప్పేస్తా. నాకూ పాప వాళ్ళమ్మకీ పెళ్లి కాలేదు, నాలుగేళ్ళు కలిసున్నాం, పాపకి మూడేళ్ళు, పుట్టింది ఇక్కడే జార్జియాలో, బర్త్ సర్టిఫికెట్‌లో తండ్రి పేరు నాదే. పోయినేడు విడిపోయాం. ఎందుకనేది ఇక్కడ అనవసరం, ఆమెని తిట్టడానికి రాస్తున్న పోస్ట్ కాదిది. ఆమెకి పక్క రాష్ట్రం నార్త్ కరోలినాలో, షార్లెట్‌లో ఉద్యోగం వచ్చింది, ఆగస్టు 8న పాపని తీసుకుని వెళ్ళిపోయింది. నాకు ముందురోజు రాత్రి చెప్పింది. చెప్పడం కూడా మర్యాదకే చెప్పిందంట, చట్టప్రకారం ఆ మాత్రం కూడా అక్కర్లేదని తర్వాత తెలిసింది.

కంగారులో గుంటూరులో ఉన్న మా మేనమామకి ఫోన్ చేశా, ఆయన వకీలు. "ఇండియాలో అయితే పెళ్లి కాని తల్లికి పుట్టిన బిడ్డకి ముందు తల్లే గార్డియన్ రా, తర్వాతే తండ్రి, 1956 చట్టంలోనే ఉంది, అక్కడెలా ఉందో నాకు తెలీదు, రేపు పొద్దున్నే లైసెన్స్ ఉన్న లాయర్ దగ్గరికి పో" అన్నాడు. పద్నాలుగు వేల కిలోమీటర్ల అవతల కూర్చుని, జార్జియా అంటే ఎక్కడుందో సరిగ్గా తెలీని మనిషి ఆ రోజు చెప్పిందే కరెక్టు. నేనేం చేశా? లాయర్ అంటే వేలకి వేలు అవుతుందని భయపడి, మన భాషలో మాట్లాడతాడు కదా అని ఈ అన్నకి మెసేజ్ పెట్టా. లాయర్‌కి గంటకి ఇచ్చే నాలుగు వందల డాలర్లు మిగిలాయనుకున్నా. మిగుల్చుకున్నా లెండి బాగానే.

ఆయన చెప్పింది ఇది. బర్త్ సర్టిఫికెట్‌లో నీ పేరుంది, ఆస్పత్రిలో పెటర్నిటీ ఫారం, అంటే తండ్రివి నువ్వేనని ఒప్పుకునే కాగితం మీద ఇద్దరూ సంతకం పెట్టారు, అంటే నీకు సగం హక్కు ఆల్రెడీ ఉంది తమ్ముడూ, కోర్టుకెళ్తే గొడవ పెద్దదవుతుంది, మనం ఒక "ఫాదర్స్ కస్టడీ డిక్లరేషన్" నోటరీ చేయిద్దాం, దాంతో ఏ రాష్ట్రంలో అయినా పాపని చూడొచ్చు, తెచ్చుకోవచ్చు. 1,850 డాలర్లు. సగం ముందు, సగం కాగితం చేతికొచ్చాక. పదకొండు పేజీలు, పైన త్రాసు బొమ్మ, కింద ఎర్ర రంగు సీలు. మా అమ్మ వీడియో కాల్‌లో చూసి దండం పెట్టుకుంది.

ఆ కాగితం దేనికీ పనికిరాదు. నోటరీ అంటే ఆ సంతకం పెట్టింది నేనేనని ఒకళ్ళు చూశారు, అంతే. అందులో ఏం రాసుందో దానికి నోటరీకి సంబంధం లేదు. "నేను ఈ దేశానికి రాజుని" అని రాసి తీసుకెళ్ళినా నోటరీ అవుతుంది.

ఇప్పుడు అసలు సంగతి, నన్ను లోపల కాల్చేస్తున్నది. జనవరి 20న నేనే మెసేజ్ పెట్టా, అన్నా నాకెందుకో భయంగా ఉంది, కోర్టులో ఫైల్ చేద్దామా అని. వాయిస్ నోట్ పంపాడు, నలభై సెకన్లు, నా దగ్గర ఇంకా ఉంది. "తొందరెందుకు తమ్ముడూ, ఆరు నెలలు దాటనీ, ఆరు నెలలు దాటితే మన కాగితానికి బలం వస్తుంది, అప్పుడు ఆమె ఏం చెయ్యలేదు." నేను థాంక్స్ అన్నా అని చేతులు జోడించిన బొమ్మ కూడా పంపా. ఇంకా 19 రోజులు ఉన్నాయి అప్పటికి. పంతొమ్మిది రోజులు.

ఆరు నెలలు దాటాయి. బలం వచ్చిందని ఫిబ్రవరి 14న పొద్దున్నే బయల్దేరి ఐ-85 మీద నాలుగు గంటలు డ్రైవ్ చేసి షార్లెట్ వెళ్ళా. పాపకి చెప్పులు కొన్నా, సైజు 8. ఆమె తలుపు తీసింది, కాగితం చూపించా, చూసి పోలీసుకి ఫోన్ చేసింది. వచ్చినతను మంచోడే, పాపం పదకొండు పేజీలూ ఓపిగ్గా తిప్పాడు, తిప్పి "కోర్టు నంబర్ ఎక్కడుంది" అన్నాడు. లేదు. "జడ్జి సంతకం?" లేదు. ఇది ఆర్డర్ కాదు, సివిల్ మ్యాటర్, మీరు వెళ్ళిపోండి అన్నాడు. ఆమె చెప్పులు మాత్రం తీసుకుంది, తీసుకుని ఇప్పుడు సైజు 9 వేస్తోంది అంది. పాప లోపల టీవీ చూస్తోంది, నేనొచ్చానని దానికి తెలీదు.

తిరిగొస్తూ గాఫ్నీలో, అదే రోడ్డు మీద నుంచి పెద్ద పీచ్ పండులా వాటర్ ట్యాంక్ కనపడుతుంది కదా, అక్కడ గ్యాస్ స్టేషన్‌లో ఆపి ఆయనకి ఫోన్ చేశా. మూడుసార్లు ఎత్తలేదు. నాలుగోసారి ఎత్తాడు, వెనక ఎవరో పేకాట ఆడుతున్నారు, "షో" అని అరుపులు. జరిగింది చెప్పా. చెబుతుంటే మధ్యలో ఆపి, ఇన్నాళ్ళూ తమ్ముడూ తమ్ముడూ అన్న నోటితోనే ఇంగ్లీషులోకి వెళ్ళిపోయాడు, "సర్, యాజ్ పర్ అవర్ అగ్రిమెంట్, పేజ్ నైన్ చూడండి, వుయ్ ఆర్ నాట్ అటార్నీస్" అన్నాడు. సర్ అంట. తొమ్మిదో పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది నిజంగానే. మరి ఆరు నెలలు ఆగమని మీరే కదా అన్నది, వాయిస్ నోట్ ఉంది నా దగ్గర అన్నా. అప్పుడు మళ్ళీ తెలుగులోకొచ్చాడు. "నేను టైమింగ్ చెప్పానంతే, లీగల్ సలహా ఇవ్వలేదు. అయినా పెళ్లి చేసుకోకుండా పిల్లని కన్నప్పుడు లేని తొందర ఇప్పుడెందుకయ్యా నీకు?"

వెనకాల పేకాట ఆగింది. ఎవరో నవ్వారు. అంటే స్పీకర్‌లో పెట్టి మాట్లాడుతున్నాడు నాతో.

నేనేమన్నానో తెలుసా? ఏమీ అనలేదు. "సరే అన్నా" అని పెట్టేశా. అలవాటు ప్రకారం అన్నా అని కూడా వచ్చింది నోట్లోంచి. దారి పొడుగునా, గ్రీన్‌విల్ దాటేదాకా, అనాల్సిన మాటలు ఒక్కోటి గుర్తొచ్చాయి. ఇప్పటికీ స్నానం చేస్తుంటే కొత్తవి గుర్తొస్తున్నాయి.

20వ తారీకున నిజమైన లాయర్ దగ్గరికి వెళ్ళా, మొదటి మీటింగ్‌కి 300 డాలర్లు తీసుకుంది. ఆవిడ ఆ పదకొండు పేజీలు ముట్టుకోలేదు కూడా. అడిగిన మొదటి ప్రశ్న, లెజిటిమేషన్ చేశారా అని. అదేంటి అన్నా. అప్పుడు చెప్పింది: జార్జియాలో పెళ్లి కాని తండ్రికి బర్త్ సర్టిఫికెట్‌లో పేరుంటే, పెటర్నిటీ కాగితం ఉంటే, తండ్రి అని తేలుతుంది, దాని మీద చైల్డ్ సపోర్ట్, అంటే పిల్ల ఖర్చుల డబ్బు వసూలు చేస్తారు, కానీ కస్టడీ హక్కు రాదు. సుపీరియర్ కోర్టులో లెజిటిమేషన్ పిటిషన్ వేసి, జడ్జి ఆర్డర్ ఇచ్చేదాకా హక్కులన్నీ తల్లివే. నా కూతురు చట్టం దృష్టిలో నాది కావాలంటే నేను కోర్టుకి అర్జీ పెట్టుకోవాలన్నమాట, సపోర్ట్ కట్టడానికి మాత్రం ఏ అర్జీ అక్కర్లేదు. ఇంతకుముందు ఆస్పత్రిలోనే ఒక ఫారం మీద ఇద్దరూ సంతకం పెడితే లెజిటిమేషన్ అయిపోయేదంట, 2016 జూలై నుంచి అది తీసేశారు. మన అన్న ఆ పాత కాలంలోనే ఉండిపోయాడో, అసలు ఏ కాలంలోనూ తెలీదో ఆ దేవుడికే తెలియాలి.

తర్వాత క్యాలెండర్ తీసింది. పిల్ల కస్టడీ ఏ రాష్ట్రం కోర్టు తేల్చాలనేదానికి ఒక చట్టం ఉంది, మసాచుసెట్స్ తప్ప మిగతా అన్ని రాష్ట్రాల్లోనూ అదే. పిల్ల వరసగా ఆరు నెలలు ఎక్కడుంటే అది హోమ్ స్టేట్, కేసు తేల్చేది ఆ రాష్ట్రం కోర్టే. పిల్లని వేరే రాష్ట్రం తీసుకెళ్ళినా, ఇక్కడ ఒక పేరెంట్ ఉంటే, వెళ్ళిన రోజు నుంచి ఆరు నెలల్లోపు ఇక్కడ కేసు వెయ్యొచ్చు, జార్జియానే హోమ్ స్టేట్. తల్లి వేరే రాష్ట్రంలో ఉంటే లెజిటిమేషన్ కూడా తండ్రి ఉన్న కౌంటీలోనే వెయ్యొచ్చు, కస్టడీ కూడా అదే పిటిషన్‌లో అడగొచ్చు. అంటే ఆగస్టు 9 నుంచి ఫిబ్రవరి 8 దాకా ఏ రోజైనా, మా ఇంటికి ఇరవై నిమిషాల దూరంలో ఉన్న కోర్టులో, ఒక్క పిటిషన్. ఆవిడ పెన్నుతో 8 మీద సున్నా చుట్టి, 20 దాకా లెక్కపెట్టింది. పన్నెండు. "ట్వెల్వ్ డేస్" అంది మెల్లగా, నా మొహం చూడకుండా.

ఆరు నెలలు దాటితే బలం వస్తుందన్నాడు కదా. వచ్చింది, ఆమెకి.

ఇప్పుడు కస్టడీ కేసు వెయ్యాలంటే షార్లెట్‌లో, మెక్లెన్‌బర్గ్ కౌంటీ డిస్ట్రిక్ట్ కోర్టులో. అక్కడ లాయర్ కావాలి, రిటైనర్, అంటే ముందే కట్టాల్సిన ఫీజు, ఐదు వేల డాలర్లు అడిగారు ఒకళ్ళు, ప్రతి హియరింగ్‌కీ సెలవు పెట్టి నాలుగు గంటలు పోవాలి, రావాలి. ఆస్పత్రిలో పెట్టిన పెటర్నిటీ సంతకం అక్కడ కూడా చెల్లుతుందంట, కాబట్టి దారి పూర్తిగా మూసుకుపోలేదు, దూరమైంది. లాయర్ ఇంకో మాట కూడా చెప్పింది, పాప వాళ్ళమ్మ వెళ్ళకముందే కస్టడీ మీద కోర్టు ఆర్డర్ ఒకటి ఉండుంటే, ఇల్లు మారే 30 రోజుల ముందు నాకు తెలియజెయ్యాల్సి వచ్చేది. పాప పుట్టిన వారంలో చేసుంటే అయిపోయే పని. అప్పుడు ఇంట్లో అందరం బాగానే ఉన్నాం కదా, కోర్టు ఎందుకు గుర్తొస్తుంది. సహజీవనానికి సిగ్గుపడి ఊళ్ళో వాళ్ళకి చెప్పకుండా దాచడం మీద పెట్టిన శ్రద్ధలో పదో వంతు దీని మీద పెట్టుంటే సరిపోయేది. దాచినందుకే ఇలాంటోళ్ళకి దొరికాం కూడా, మనం బయట చెప్పుకోలేమని వాళ్ళకి బాగా తెలుసు. అందుకే ఇప్పుడు చెప్పేస్తున్నా, పోతే పోయింది పరువు.

డబ్బులు అడిగా, సర్వీస్ డెలివర్ అయింది కదా అన్నాడు. బ్యాంకుని అడిగితే మీరే స్వయంగా పంపారు కదా అన్నారు, నిజమే, నేనే పంపా, కింద నోట్‌లో "థాంక్స్ అన్నా" అని కూడా రాశా. లైసెన్స్ లేకుండా లీగల్ సలహా అమ్మడం ఇక్కడ నేరం అని లాయర్ చెప్పింది, వాయిస్ నోటూ, రసీదులూ పెట్టి కంప్లయింట్ రాస్తున్నా. ఆయన దగ్గర ఇదే ప్యాకేజీ కొన్నవాళ్ళు ఇంకా ఉంటే నాకు విడిగా చెప్పండి, ఒక్కడి మాట కంటే నలుగురి మాట నయం.

సలహా అంటే ఏముంది, నేను చెప్పే స్థితిలో లేను గానీ, లాయర్ అని చెప్పుకునే ఎవరికైనా డబ్బులిచ్చే ముందు స్టేట్ బార్ ఆఫ్ జార్జియా, అంటే ఇక్కడి లాయర్ల సంస్థ, వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూడండి, రెండు నిమిషాల పని. పిల్ల రాష్ట్రం దాటిందంటే ఆ తారీకు రాసిపెట్టుకుని ఆ వారంలోనే లాయర్ దగ్గరికి పోండి, ఎవరు ఆగమన్నా ఆగకండి. ఇది జార్జియా సంగతి, ఒహాయోలో కూడా పెళ్లి కాకపోతే కోర్టు ఆర్డర్ వచ్చేదాకా కస్టడీ తల్లిదే, మిగతా చోట్ల ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, నా పోస్ట్ చూసి మీ రాష్ట్రంలో ఇంతే అనుకోకండి. పిల్ల ఇంకా ఇక్కడే ఉండి, ఇద్దరూ బాగానే ఉన్నవాళ్ళయితే మరీ ఈజీ, లెజిటిమేషన్ ఇవాళే మొదలుపెట్టుకోండి.

ఇది రాస్తుండగా ఆయన స్టేటస్ మారింది, ఇప్పుడే చూశా. మామిడాకుల తోరణం, పక్కన అదే త్రాసు బొమ్మ, ఉగాది ఆఫర్ అంట, ఫాదర్స్ రైట్స్ ప్యాకేజీ మీద 20 శాతం తగ్గింపు.