‘టెన్షన్ లేని ప్రయాణం’ ప్యాకేజీ కొన్నాను, విమానం మమ్మల్ని వదిలేసి వెళ్లిపోయింది. జాగ్రత్త!

విమాన టికెట్లు అమ్మే ఆ సైట్ పేరు రాయను. రాయక్కర్లేదు కూడా. ఏ వీడియో పెట్టినా ముందొచ్చి, మేఘాల మధ్య చేతులు చాపుకుని నవ్వే ఆ కుటుంబాన్ని మీరూ చూసే ఉంటారు. ఆ నవ్వు చూసే నేనూ పడ్డాను.

ఇప్పుడు విమానాశ్రయం పక్కన ఒక గదిలో కూర్చుని రాస్తున్నాను. అమ్మ మోకాళ్లకు మందు రాయించుకుని ఇందాకే పడుకుంది. పొద్దున మేం ఎక్కాల్సిన విమానం మేం లేకుండానే వెళ్లిపోయింది. ఒళ్లు మండిపోతూ రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకుని చదవండి.

ముందు సంగతి గబగబా చెప్పేస్తాను. ఎల్లుండి చెల్లికి ఆపరేషన్. అమ్మను తీసుకుని రెండు రోజుల ముందే చేరాలని రెండు నెలల క్రితం టికెట్లు కొన్నాను. మధ్యలో ఒకచోట దిగి ఇంకో విమానం ఎక్కాలి. విమాన సంస్థ సైట్‌లోనే కొనొచ్చు, రేటులో పెద్ద తేడా కూడా లేదు. కానీ వీళ్ల దగ్గర ‘టెన్షన్ లేని ప్రయాణం’ అని ఒక ప్యాకేజీ ఉంది కదా, టికెట్ డబ్బుల్లో దాదాపు ఐదో వంతు. సీట్లు వాళ్లే చూస్తారు, చెక్-ఇన్ వాళ్లే చేస్తారు, పెద్దవాళ్లకు వీల్‌చెయిర్ వాళ్లే చెప్పిపెడతారు, టైమ్ మారితే వాళ్లే ఫోన్ చేస్తారు, 24 గంటలూ లైన్లో మనిషి ఉంటాడు. అమ్మతో ప్రయాణం కదా, డబ్బు పోతే పోయింది, మనశ్శాంతి ఉంటుందనుకున్నాను. నా బుద్ధి గడ్డి తిని.

మీరు నవ్వుకోడానికి నా తయారీ గురించి కూడా చెబుతాను. ఒక్కో పెట్టెనీ లగేజీ కాటాకు తగిలించి మూడేసి సార్లు తూచాను, 23 కిలోల పరిమితికి 22.6 వచ్చేదాకా వదల్లేదు. పవర్‌బ్యాంక్ పెద్ద పెట్టెలో పెట్టకూడదు, చేతి బ్యాగులోనే ఉండాలి, అనుమతి లేకుండా 100 వాట్-అవర్లు దాటకూడదు. అది తెలుసు కాబట్టి 20,000 ఎంఏహెచ్‌ని 3.7 వోల్టులతో హెచ్చవేసి, వెయ్యితో భాగించి, 74 అని కాగితం మీద రాసుకున్నాను కూడా. షాంపూ, నూనె, లోషన్ అన్నీ 100 మిల్లీలీటర్ల సీసాల్లోకి వంచి, లీటరు జిప్ కవర్లో సర్దాను. అమ్మ మందులు డాక్టర్ చీటీతో సహా చేతి సంచిలో. పాస్‌పోర్టులకు ఆరు నెలలకు పైగా గడువుందో లేదో చూశాను. పెట్టెల హ్యాండిళ్లకు ఎర్ర రిబ్బన్లు కట్టాను. ఇన్ని చూసుకున్న మహాతల్లికి, విమానం ఎన్నింటికో విమాన సంస్థ సైట్‌లో ఒక్కసారి చూసుకోవాలని తోచలేదు.

అంటే, అసలు తోచలేదని కాదు. కొన్న వారానికే ఒకసారి చూడబోయాను. మెయిల్లో ఉన్న బుకింగ్ నంబరు విమాన సంస్థ సైట్‌లో కొడితే, ఆ నంబరుతో ఏ ప్రయాణమూ లేదంది. గుండె జారిపోయింది. వీళ్ల చాట్‌లో అడిగాను. ‘అది మా రిఫరెన్స్ నంబర్ మేడమ్, వాళ్ల సైట్‌లో రాదు. మీరు రిలాక్స్ అవ్వండి, అన్నీ చూసుకోడానికి మేం ఉన్నాం’ అన్నారు. పక్కన ఒక పువ్వు బొమ్మ కూడా పెట్టారు. విమాన సంస్థ పీఎన్ఆర్ వేరే ఉంటుంది, అక్షరాలూ అంకెలూ కలిపి ఆరే ఆరు. అది ఇవ్వమని అడగాల్సింది. టికెట్ పడిందనడానికి గుర్తుగా 13 అంకెల ఈ-టికెట్ నంబరు ఒకటుంటుంది, అదైనా అడగాల్సింది. నేనేమో ఆ పువ్వు బొమ్మ చూసి థాంక్యూ చెప్పి వచ్చేశాను. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందట, నా గురించే అన్నట్టున్నారు.

నిన్న బోర్డింగ్ పాస్‌లు రాలేదేంటని అడిగితే, కౌంటర్లో ఇస్తారు మేడమ్ అన్నారు. సరే అన్నాను. చెప్పుతో కొట్టుకోవాలి నన్ను నేను.

ఇక ఈ పొద్దున. మా కాగితం మీద విమానం 11:40కి. మేం కౌంటర్ దగ్గరికి వెళ్లేసరికి 8:35. మూడు గంటల ముందే వచ్చామని నాకు కాస్త గర్వం కూడా. క్యూ అస్సలు లేదు. ‘చూశావా అమ్మా, ముందొస్తే ఇదీ సుఖం’ అన్నాను. క్యూ ఎందుకు లేదో బుర్రకు తట్టలేదు.

యూనిఫాంలో ఉన్న అమ్మాయి పాస్‌పోర్టులు తీసుకుని కీబోర్డు మీద ఏదో కొట్టింది. ఆగింది. మళ్లీ కొట్టింది. తలెత్తి నన్ను కాకుండా అమ్మను చూసింది.

‘ఇంత ఆలస్యంగా వచ్చారేంటండీ?’

ఆలస్యం ఏంటని కాగితం చూపించాను. ‘టైమ్ మారి పన్నెండు రోజులైందండి. 9:05కే విమానం. కౌంటర్ 8:05కి మూసేశాం’ అంది. బయటి దేశాలకు వెళ్లే విమానాలకు చాలా సంస్థలు గంట ముందే కౌంటర్ మూసేస్తాయి, అది నాకూ తెలుసు. తెలిసి ఏం లాభం? ‘మీకు మెయిల్ పంపాం, మెసేజ్ కూడా వెళ్లింది’ అంది. రాలేదన్నాను. నా గొంతు పెరిగింది, పాపం ఆ అమ్మాయి మీద. ఆమె ఓపిగ్గా తెర మీదున్న మెయిల్ ఐడీ చదివి వినిపించింది.

అది నాది కాదు. ఆ సైట్ వాళ్లది.

ఫోన్ నంబర్లో చివరి నాలుగంకెలు చెప్పింది. అవీ నావి కావు.

అంటే రెండు నెలలుగా మా ప్రయాణం గురించిన ప్రతి కబురూ నేరుగా వాళ్ల దగ్గరికే వెళ్తోంది. పేర్లు మావి, పాస్‌పోర్టులు మావి, డబ్బు నాది, చిరునామా మాత్రం వాళ్లది. విమాన సంస్థ దృష్టిలో మాకు చెప్పేసినట్టే. ఇంతగా టైమ్ మారినప్పుడు ఒప్పుకోకపోతే చాలా సంస్థలు అదనపు డబ్బు లేకుండా వేరే విమానానికి మారుస్తాయి, లేదా డబ్బు వెనక్కిస్తాయి. పన్నెండు రోజుల పాటు ఆ అవకాశం ఎవరి ఇన్‌బాక్స్‌లోనో పడి ఉంది.

అమ్మకు వీల్‌చెయిర్ చెప్పారు కదా అని అడిగాను. ‘అలాంటి రిక్వెస్ట్ ఏదీ కనబడట్లేదండి’ అంది. తర్వాత, ‘అయినా మేం దానికి డబ్బులు తీసుకోమండి’ అని కూడా అంది. వీళ్లు బిల్లులో దానికి విడిగా ఒక లైను వేసి మరీ వసూలు చేశారు. అమ్మ అప్పటిదాకా ట్రాలీ కడ్డీ పట్టుకుని, బరువు ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ నిలబడే ఉంది. ‘పోనీలేవే’ అంది. ఆ పోనీలేకే నాకు ఏడుపొచ్చింది.

అయిపోలేదు, ఇంకోటుంది. ఇవి అసలు ఒక టికెట్టే కాదట. రెండు వేర్వేరు సంస్థల నుంచి విడివిడిగా కొన్న టికెట్లను పక్కపక్కన పెట్టి ఒకే ప్రయాణంలా చూపించారు. పెట్టెలు నేరుగా చివరిదాకా వెళ్లవు. మధ్యలో దిగిన దేశంలో ఇమిగ్రేషన్ దాటి బయటికొచ్చి, పెట్టెలు తీసుకుని, మళ్లీ చెక్-ఇన్ చేయాలి. ‘అక్కడికి వీసా ఉందాండీ?’ అని అడిగింది. లేదు. అంటే ఈ విమానం ఎక్కినా అక్కడ చిక్కుకునేవాళ్లమే. మొదటి విమానం అందకపోతే తమకు సంబంధం లేదని రెండో సంస్థ అంటుంది. వెళ్లే విమానం ఎక్కలేదు కాబట్టి అదే టికెట్ మీదున్న తిరుగు ప్రయాణం కూడా రద్దయిపోయింది.

అప్పుడు ఆ 24 గంటల మనిషికి ఫోన్ చేశాను. 42 నిమిషాలు సంగీతం వినిపించాడు. ఎదురుగా బోర్డు మీద మా విమానం పక్కన ‘వెళ్లిపోయింది’ అని మారింది కూడా ఆ సంగీతం మధ్యలోనే.

చివరికి పలికాడు. ‘టైమ్ మారిన సంగతి మీ అకౌంట్‌లో నోటిఫికేషన్ పెట్టాం మేడమ్.’ ఎక్కడ పెట్టారని యాప్ తెరిచాను. ‘ఆఫర్లు, సమాచారం’ అని ఒక మూల ఉంది. హోటల్ డిస్కౌంట్‌కీ, ట్రాలీ బ్యాగుల ప్రకటనకీ మధ్యలో, ‘మీ ప్రయాణంలో చిన్న మార్పు’ అని. చిన్న మార్పు! ఫోన్ చేస్తామన్నారు కదా అంటే, ‘చేయడానికి ప్రయత్నిస్తాం అని ఉంది మేడమ్, చేస్తాం అని లేదు’ అన్నాడు. ప్యాకేజీలో వ్యాకరణ పాఠం కూడా కలిపి ఇచ్చినట్టున్నారు.

డబ్బు మాటేంటన్నాను. ఎక్కలేదు కాబట్టి నో-షో, రాదన్నాడు. కనీసం విమానాశ్రయ పన్నులైనా అని అడిగితే, ‘అవి వస్తాయి మేడమ్, కాకపోతే మా ప్రాసెసింగ్ ఫీజు దానికంటే ఎక్కువ. అప్లై చేయమంటారా?’ అన్నాడు. నా డబ్బు నాకు రావాలంటే నేనే ఎదురు కట్టాలి.

అప్పుడు నేను అరిచాను. నిజమే, అరిచాను. దానికి అతను ఎంతో మర్యాదగా, నింపాదిగా అన్న మాట ఇది:

‘ఇంత చదువుకున్నవాళ్లు, పెద్దావిడను వెంటబెట్టుకుని బయల్దేరేటప్పుడు టైమ్ ఒకసారి చెక్ చేసుకోవాలి కదా మేడమ్.’

స్పీకర్ ఆన్‌లో ఉంది. అమ్మ విన్నది.

పొద్దుట్నుంచీ నా చెవుల్లో ఈ ఒక్క మాటే తిరుగుతోంది. బాబూ, నేను నీకు డబ్బు కట్టిందే ఆ చెక్ చేసే పనికి కదా? అది నేనే చేసుకోవాలంటే నువ్వెందుకు, నీ ప్యాకేజీ ఎందుకు, మేఘాల్లో నవ్వే ఆ కుటుంబం ఎందుకు? మా కబుర్లన్నీ మాకు అందకుండా మధ్యలో పట్టుకున్నది నువ్వు, పట్టుకుని మూలన పడేసింది నువ్వు, చూసుకోలేదని మా అమ్మ ముందు నన్ను దులిపిందీ నువ్వే. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే కాబోలు. ఇంతకీ నన్ను ఎక్కువగా పొడుస్తున్నది ఏంటంటే, అతనన్నది అబద్ధం కాదు. ఒక్కసారి చూసుకుని ఉంటే ఇదేదీ జరిగేది కాదు.

‘ఇంకేమైనా సహాయం కావాలా మేడమ్?’ అని అడిగి పెట్టేశాడు. వెంటనే మెసేజ్ వచ్చింది, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారని. సున్నా ఇచ్చే వీలు లేదు. ఒకటి దగ్గర్నుంచే మొదలు.

సరే, ఇంత చదివారు కాబట్టి నాలుగు ముక్కలు చెబుతాను. ఎక్కడ కొన్నా సరే, ఆరక్షరాల పీఎన్ఆర్ అడిగి తీసుకుని, విమాన సంస్థ సైట్‌లోకి వెళ్లి, అక్కడ మీ సొంత మెయిలూ ఫోనూ ఉన్నాయో లేదో చూసి, లేకపోతే పెట్టించండి. వారానికోసారి టైమ్ చూడండి, బయల్దేరే ముందు రోజు రెండుసార్లు చూడండి. చెక్-ఇన్ మీరే చేసుకోండి, చాలా సంస్థలకు 24 గంటల ముందు తెరుచుకుంటుంది. రెండు విమానాలకు రెండు పీఎన్ఆర్‌లు వచ్చినా, ‘సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్’ (అంటే మధ్యలో పెట్టెలు తీసుకుని మళ్లీ చెక్-ఇన్ మనమే చేసుకోవాలి) అని చిన్న అక్షరాల్లో కనబడినా కొనే ముందే ఆగండి. వీల్‌చెయిర్ నేరుగా విమాన సంస్థకే 48 గంటల ముందు చెప్పండి. ప్యాకేజీ పేజీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. నేను తీయలేదు, ఇప్పుడు చూస్తే ఆ పేజీలో మాటలు మారిపోయాయి. మెయిల్లో వచ్చిన బిల్లు మాత్రం ఉంది. కార్డు ఇచ్చిన బ్యాంకుకి, చెప్పిన సేవ అందలేదని దాంతోనే ఫిర్యాదు పెట్టాను. ఎవరికైనా ఇలాంటి ఫిర్యాదులో డబ్బు వెనక్కొచ్చి ఉంటే, బ్యాంకు వాళ్లు ఏమేం కాగితాలు అడిగారో చెప్పండి.

కొత్త టికెట్లు ఆ కౌంటర్ అమ్మాయే చూపించిన చోట, విమాన సంస్థ దగ్గరే కొన్నాను. ఒకే టికెట్, పెట్టెలు చివరిదాకా వెళ్తాయి, వీల్‌చెయిర్ రాసి ఉంది. రెండింతలయింది. రేపు పొద్దున 6:20కి. మూడింటికి లేవాలి. నిద్రెలాగూ పట్టదు, ఇది రాస్తూనే ఆరుసార్లు చూశాను, ఇప్పటికైతే 6:20 అనే ఉంది.