మా కాలనీ కమ్యూనిటీ హాల్లో టైలరింగ్, ట్యూషన్: చేరాలనుకునేవాళ్ల కోసం

"సిస్టర్లు నడిపే సెంటర్ అట కదా, బాగుంటుందా?" అని విజయవాడ సింగ్‌నగర్ వైపు వాళ్లు చాలామంది అడుగుతున్నారు. బాగుంటుంది. కానీ దాన్ని నడిపేది సిస్టర్లు (క్రైస్తవ సన్యాసినులు) కాదు, కాలనీవాళ్లం. మా సొసైటీ వేరు, వాళ్ల సంస్థ వేరు. తాళంచెవులు, జమాఖర్చుల పుస్తకం, హాలు ఎవరికి అద్దెకివ్వాలి అన్న నిర్ణయం, అన్నీ మా కమిటీ చేతిలోనే ఉంటాయి. కమిటీలో ఎక్కువమంది ఆడవాళ్లే: ఇళ్లలో పనికి వెళ్లేవాళ్లు, టిఫిన్ బండి పెట్టుకున్న అక్క. వాళ్లతో పాటు రిటైరైన ఆర్టీసీ కండక్టర్ బాబాయి. సిస్టర్లు టీచర్ని పంపిస్తారు, కుట్టు మెషీన్లు పెట్టారు, అడిగితే సలహా చెబుతారు. ఇన్నేళ్లు ఈ సెంటర్ నిలబడింది అందువల్లేనని నా గట్టి నమ్మకం.

టైలరింగ్ నేను ఇక్కడే నేర్చుకున్నాను. ఇప్పుడు ఇంట్లో బ్లౌజులు కుడుతున్నాను. కోర్సు ఆరు నెలలు, ఫీజు నెలకు 300 రూపాయలు. మొదట్లో దారం ఎక్కించకుండా, పేపరు మీద గీసిన గీతల వెంట మెషీన్ నడిపిస్తారు. కాలు, చెయ్యి కుదిరాకే బట్ట ఇస్తారు. నేను చూసిన వేరేచోట్ల ఆది జాకెట్ పరిచి దాని చుట్టూ గీయడమే కటింగ్. ఇక్కడ టేపుతో ఒంటి కొలతలు తీయడం నేర్పుతారు. చంక దగ్గర ముడతలు ఎందుకొస్తాయి, భుజం ఎందుకు జారుతుంది, ఆది జాకెట్టే సరిగ్గా లేకపోతే ఏం చేయాలి అన్నవి టీచర్ గారు విప్పించి, మళ్లీ కుట్టించి చూపిస్తారు. లైనింగ్ బట్టను ముందే తడిపి ఆరబెట్టాలన్న చిన్న విషయం కూడా వదలరు. నా దగ్గరికి కస్టమర్లు మళ్లీ మళ్లీ వస్తున్నారంటే ఆమె చలవే. ప్రిన్సెస్ కట్, పైపింగ్, ఫాల్ వరకు వస్తాయి. మగ్గం వర్క్ మాత్రం లేదు.

సాయంత్రం ట్యూషన్‌కి మా అమ్మాయి వెళ్తోంది. ఏడో తరగతి వరకు చాలా బాగుంది. తొమ్మిది, పది లెక్కలకు మాత్రం నమ్ముకోవద్దు. చెప్పేది మా కాలనీలోనే డిగ్రీ చదువుతున్న పిల్లలు. వాళ్లకు పరీక్షలొస్తే క్లాసు ఆగిపోతుంది. మీటింగులో గట్టిగానే అడిగాను. ఆదివారాలు ఒక లెక్కల మాస్టారిని పెట్టారు. పదో తరగతికి వారానికి ఒక్క పూట ఎలా సరిపోతుంది?

"వాళ్లకు ఫారిన్ డబ్బులొస్తాయిగా, మళ్లీ ఫీజెందుకు?" అనేవాళ్లున్నారు. 2020లో విదేశీ విరాళాల చట్టం మార్చారు. అలా వచ్చిన డబ్బును తీసుకున్న సంస్థ ఇంకో సంస్థకు ఇవ్వకూడదు. కాబట్టి సిస్టర్లు ఆ డబ్బు మా సొసైటీకి ఇవ్వడానికి వీల్లేదు. మెషీన్లు వాళ్ల సంస్థ పేరు మీదే ఉన్నాయి, టీచర్ గారి జీతం వాళ్లే ఇస్తారు. కరెంటు బిల్లు, ఊడ్చే ఆమె జీతం, రిపేర్లు మా ఫీజుల్లోంచే. ఏ నెల లెక్క ఆ నెల గోడకు అంటిస్తారు.

సిస్టర్ల మీద నాకు గౌరవం పెరిగింది వరదప్పుడు. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు మమ్మల్ని ముంచేసినప్పుడు హాలు కింది గదులు మునిగిపోయాయి. చాలా కుటుంబాలం మేడ మీద తలదాచుకున్నాం. నీళ్లు తీశాక మెషీన్ల మోటార్లు, పిల్లల పుస్తకాలు అన్నీ బురదే. అప్పటికి రేషన్ కిట్లు రకరకాల వాళ్లు పంచుతున్నారు. రోడ్డు మీద ఇళ్లకు రెండేసి అందాయి, వెనక వరసలకు ఒక్కటీ రాలేదు. సిస్టర్లు వచ్చి "ఏం కావాలో మీరే రాసివ్వండమ్మా" అన్నారు. కమిటీ వాళ్లు ఇంటింటికీ తిరిగి ఎవరి పొయ్యి పోయింది, ఎవరి మెషీన్ పోయింది అని లిస్టు రాశారు. సిస్టర్లు ఆ లిస్టు ప్రకారమే ఇచ్చారు, ఒక్క పేరు కూడా మార్చలేదు. కష్టంలో ఉన్నవాళ్ల మాటకు అంత విలువ ఇచ్చినవాళ్లను నేను వేరే చూడలేదు.

మతం సంగతి కూడా అడుగుతారు. మా ఇంట్లో వెంకటేశ్వరస్వామి పటం ఉంది, నా పక్క మెషీన్ మీద నేర్చుకున్న అమ్మాయి ముస్లిం. మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు. ఒకసారి బయటి నుంచి వచ్చినవాళ్లెవరో ట్యూషన్ పిల్లలకు కరపత్రాలు పంచారు. కమిటీ అభ్యంతరం చెప్పింది. సిస్టర్ ఆ సాయంత్రమే వచ్చి, ఇకమీదట హాల్లో ఏం పంచాలన్నా కమిటీని అడిగాకే అని అందరి ముందూ చెప్పారు. మళ్లీ అలా జరగలేదు.

హాలు అద్దె కాలనీవాళ్లకు తక్కువే. బారసాలకి, ఓణీల ఫంక్షన్‌కి సరిపోతుంది, పెళ్లికి చాలదు. గిన్నెలు కడుక్కోవడానికి చోటు లేదు, అది ముందే చూసుకోండి.

టైలరింగ్‌కి 5కి 5 ఇస్తాను, ట్యూషన్‌కి 3. కొత్త బ్యాచ్ సంక్రాంతి వెళ్లాక మొదలవుతుంది. పేరు రాయించుకోవడానికి సాయంత్రం ఐదు తర్వాత వెళ్లండి, అంతకుముందు కమిటీ వాళ్లందరూ పనుల్లో ఉంటారు. టేపు, పాత పేపర్లు మీరే తీసుకెళ్లాలి. కత్తెర అక్కడ ఇస్తారు.